సైలెన్సర్ మీది నీలం

మా బాపుకు రెండే పట్టింపులు ఉండేవి. అన్నంలో రాయి తగలకూడదు, బండి సైలెన్సర్ మీద మరక కనపడకూడదు. మొదటిది అవ్వ చూసుకునేది, రెండోది ఆయనే చూసుకునేవాడు. అవ్వ అంటే మా అమ్మ. కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చిన మా ఇళ్లలో తల్లిని అలాగే పిలుస్తాం, తండ్రిని బాపు అంటాం. నేను చంద్రాపూర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకున్నాను. అయినా ఆ రెండు మాటలు రాసేటప్పుడు మాత్రం నా చెయ్యి తడబడదు.

అసలు చంద్రాపూర్‌లో ఒక లోహపు ముక్కను తెల్లగా ఉంచాలనుకోవడమే పిచ్చితనం. ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క పవర్ హౌస్ గొట్టాలు. పొద్దున ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిద రంగులోకి వచ్చేది. బల్లార్‌పూర్ రోడ్డు మీద బొగ్గు లారీల వెనక కాసేపు నడిస్తే చెమట నల్లగా కారేది. నాలుగు చినుకులు పడితే బండ్ల మీద పేరుకున్న బూడిద తడిసి, ఆరాక చుక్కలు చుక్కలుగా కరుచుకునేది. కాలనీలో అందరి బండ్లూ అలాగే ఉండేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా బాపు ఒక్కడికే ఈ జబ్బు.

దేశం తలుపులు తెరిచేశారని టీవీలో రోజూ చెప్తున్న కాలం అది. ఆ తలుపుల్లోంచి మా కాలనీకి వచ్చినవి ముందు రెండు: కేబుల్ వైరు, కొత్త రకం మోటారు సైకిళ్లు. గనుల్లో మనుషులు ఎక్కువైపోయారన్న మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ మాట రాకముందే బాపు బండి కొన్నాడు. నల్ల ట్యాంకు మీద ఎర్ర గీత, కింద పొడుగ్గా మెరిసే సైలెన్సర్. గనిలో టబ్బులకు, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లకు, బొగ్గు ఎత్తే మనిషికి ఆ మెరుపు మీద అంత మోజు ఎందుకని నేను అప్పట్లో నవ్వుకునేదాన్ని. పనిలో చూసేదంతా నలుపే కదా, కళ్లకు కాస్త తెలుపు కావాలనిపించిందేమో.

ఆదివారం పొద్దున్నే గడపలో గోనె సంచి పరుచుకుని కూర్చునేవాడు. సైలెన్సర్‌కు ఆయన పెట్టిన శాస్త్రం చాలా ఉండేది. బండి ఆపిన వెంటనే ముట్టుకోకూడదు, పూర్తిగా చల్లారాక తోమినా లాభం లేదు, గోరువెచ్చగా ఉన్నప్పుడే పని కావాలి. నూనె చేత్తో తాకితే ఆ వేలిముద్ర ఇంజన్ వేడికి కాలి గోధుమరంగు మచ్చయి నిలిచిపోతుంది. టెరిలిన్ గుడ్డ తగిలితే కరిగి అతుక్కుంటుంది. కాగిన గొట్టం మీద చన్నీళ్లు పోస్తే పైనున్న క్రోమ్ పూత చెడుతుంది. ముందు పాత నూలు గుడ్డతో కిరోసిన్ రుద్ది, తర్వాత తెల్ల పళ్లపొడి అద్ది, చివరికి అవ్వ పాత చీర ముక్కతో తుడిచేవాడు. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. బండిని నిలబెట్టి ఇంజన్ ఆడించకూడదు. గాలి తగలక గొట్టం ఇంజన్ దగ్గర వంపు తిరిగే చోట వేడెక్కి, ముందు పసుపు, తర్వాత నీలం తిరుగుతుంది. ఒకసారి నీలం పట్టిందంటే దాన్ని వదిలించడం మామూలు సంగతి కాదు.

"నా కమ్మలు సుత గిట్ల తోమరాదు బాపూ?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"నీ కమ్మలకు నీలం పడుతదా బిడ్డా? పడితే అప్పుడు తెచ్చియ్యి" అనేవాడు, తల ఎత్తకుండానే.

అవ్వ లోపల్నుంచి అందుకునేది. "గొట్టానికి పెట్టే చెయ్యి నా గిన్నెలకు ఒక్కనాడన్న పెడితే ఇల్లంత వెలుగుతుండె."

ఈ సరదా ఎప్పుడు ఆగిపోయిందో చెప్పలేను. దగ్గు ముందే ఉంది, గనిలో పనిచేసే ఎవరికి లేదు? కానీ గనిలోంచి పైకి ఏటవాలు దారిలో నడిచి వచ్చేటప్పుడు మధ్యలో కూర్చుంటున్నాడని పక్క క్వార్టర్ మామ చెప్పాడు. మామ బాపుతో కలిసి అదే షిఫ్టులో పనిచేసేవాడు, బాపును బావా అని పిలిచేవాడు. ఇంట్లో మాత్రం బాపు ఏమీ చెప్పలేదు. మాకు బండి వల్ల తెలిసింది.

మోటారు సైకిల్ కిక్ కొట్టడానికి ఊపిరి కావాలని నాకు అప్పుడే అర్థమైంది. మునుపు ఒక్క తన్నుకు లేచే బండి. ఇప్పుడు ఆయన తన్ని, హ్యాండిల్ పట్టుకుని వంగి, రొప్పి, మళ్లీ తన్నేవాడు. ఇంజన్ అందుకున్నాక కూడా వెంటనే ఎక్కలేకపోయేవాడు. గేటు గోడకు చేరగిలబడి ఊపిరి అందేదాకా నిలబడేవాడు. ఇంజన్ ఆపితే మళ్లీ తన్నాలి. అందుకని ఆపేవాడు కాదు. బండి నిలబడిన చోటే ఆడుతూ ఉండేది, గొట్టం కాగుతూ ఉండేది. షిఫ్టుకు పోయే ముందు అలాగే, ఇంటికి వచ్చే ముందు గని దగ్గరా అలాగే.

అలా సైలెన్సర్ మెడ మీద ముందు లేత పసుపు కనిపించింది. కొన్నాళ్లకు అది చిక్కటి నీలమైంది. ఆ నీలం మీద వాన చుక్కలు, బూడిద మరకలు చేరాయి. ఆదివారాలు వచ్చి పోతున్నాయి, బాపు గోనె సంచి తియ్యడం లేదు. ఒకరోజు నేనే గుడ్డ తీసుకుని పోతే, "ఉండనియ్యి బిడ్డా, నేనే చేస్త" అన్నాడు. చెయ్యలేదు. బండి ఎక్కేటప్పుడు ఆ పక్కకు చూడకుండా ఎక్కేవాడు. ఆయన మొహం చూస్తే నాకు దుఃఖం వచ్చేది, కోపం కూడా వచ్చేది. కోపం ఎవరి మీదో తెలిసేది కాదు.

కంపెనీ దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే తీయించి, బీడీలు తాగుతావా అని అడిగాడట. తాగుతానని బాపు ఒప్పుకున్నాడు. అంతే, తప్పంతా బీడీ మీదికి పోయింది. అయినా ఆ డాక్టర్ మరీ చెడ్డవాడు కాదు. ఈ మనిషిని గని లోపలికి పంపకుండా పైన ఏదైనా తేలిక పని ఇస్తే మంచిదని ఒక మాట రాశాడు. పైన పని అంటే ల్యాంప్ రూములో కూర్చుని లోపలికి పోయేవాళ్ల టోపీ దీపాలను చార్జింగుకు పెట్టడం, వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. కూర్చుని చేసే పని, దుమ్ము లేని పని. మా ఇంట్లో అప్పట్నుంచి ఆ ల్యాంప్ రూము తప్ప ఇంకో మాట లేదు. అది దొరికితే బాపు బతుకుతాడు, దొరకకపోతే మళ్లీ దిగాలి. మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

కానీ పైన పనులు తగ్గిపోతున్నాయి, అడిగేవాళ్లు పెరిగిపోతున్నారు. లేని నొప్పులు చెప్పి పైకి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారని ఆఫీసులో అనుమానం. అందుకని డాక్టర్ మాట ఒక్కటే చాలదట. వెల్ఫేర్ ఆఫీసర్ ఇంటికి వచ్చి, మనిషిని చూసి, తన మాట కూడా చెప్పాలట. మా ఇంటికి ఆయన వచ్చే రోజు కబురు ముందే అందింది.

ముందటి రోజు సాయంత్రం మామ వచ్చి బాపు పక్కన కూర్చున్నాడు.

"బావా, నా మాటిను. సాబొచ్చే యాల్లకు మంచం బయటేసుకుని పండుకో. గడ్డం గీస్కోకు. ఒక దుప్పటి కప్పుకో. రెండు మాటలకోసారి దగ్గు. ఆళ్లకు కండ్లకు కనబడాలె, గంతే."

"నాకు ఉన్నదే దగ్గు. మళ్ల దాని ఆట సుత చూపియ్యాల్నా?" అన్నాడు బాపు.

"చూపియ్యకుంటే నమ్మరు బావా. గిప్పుడు నమ్మిచ్చినోడే పైకొస్తుండు."

అవ్వకు ఆ మాటలు నచ్చలేదు. "రోగం డాక్టర్ చూసిండు గదా తమ్మీ. ఇంటికొచ్చే పెద్దమనిషికి మురికి మొకం చూపెట్టాల్నా? ఏమనుకుంటడు మనల్ని?" అంది. మామ తల కొట్టుకుని వెళ్లిపోయాడు.

మా అవ్వకు ఉన్న నమ్మకం అది. ఆమె పుట్టిన ఊళ్లో దొరవారి మనిషి వస్తున్నాడంటే వాకిలి అలికి, చెంబులు తోమి, ఇంట్లో ఉన్న మంచి బట్ట కట్టుకుని నిలబడాలి. అధికారం ఉన్నవాడికి మన శుభ్రం చూస్తే జాలి కలుగుతుందని ఆమె లెక్క. శుభ్రం చూస్తే వీళ్లకేం తక్కువ అనుకునే మనుషులు కూడా ఉంటారని ఆమెకు ఎవరు చెప్తారు?

మర్నాడు తెల్లవారి లేచి గోడల బూజు దులిపింది. గచ్చు కడిగింది. ముగ్గు పెట్టింది. పట్టెమంచం మీద కొత్త దుప్పటి పరిచింది. ఇత్తడి బిందె, చెంబులు, దీపం కుందులు అన్నీ బయటేసుకుని చింతపండు పిసికి, బొగ్గుల పొయ్యి బూడిదను గుడ్డతో జల్లించి తోమింది. నేను లోపల గ్లాసులు తుడుస్తున్నాను. కాసేపటికి బయట రుద్దుతున్న చప్పుడు మారింది. చూస్తే అవ్వ చీర కుచ్చెళ్లు దోపుకుని బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. అదే చింతపండు, అదే బూడిద, కొబ్బరి పీచు. సైలెన్సర్‌ను బిందెలా తోముతోంది. ఆమె ముంజేతుల దాకా బూడిద, నుదుటి మీంచి చెమట. బాపు పళ్లపొడి వేలితో అద్దే చోట ఆమె ఒంటి బరువంతా వేసి రుద్దుతోంది.

నీలం పోయింది. ఎట్లా పోయిందో కానీ పోయింది. మరకలూ పోయాయి. చెంబెడు నీళ్లు పోసి తుడిచేసరికి గొట్టం ఎండలో తళతళలాడింది.

బాపు స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. బండి చూసి నిలబడిపోయాడు.

"ఎవలు తోమిన్రు?"

"ఇంకెవలు, నేనే. పెద్దోళ్లు ఇంటికొస్తుంటే బండి గట్లనా ఉండేది?"

బాపు మెల్లగా వంగి చూశాడు. బూడిద గీతలు గొట్టం పొడుగునా పడి ఉన్నాయి. నేను వేలు పెడితేనే కసురుకునే మనిషి, ఆ రోజు కసురుకోలేదు. మెడలోని తువ్వాలతో ఒకసారి తుడిచి, నిటారుగా లేచాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో సంతోషం చూశాను. అవ్వ కూడా చూసింది, చేతులు కడుక్కుంటూ లోలోపల మురిసిపోయింది.

ఆఫీసర్ జీపులో వచ్చాడు. వెంట గుమాస్తా. ఆఫీసర్ కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు, చెప్పులు బయట విడిచాడు. బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎన్నాళ్లుగా దగ్గు, ఎంత దూరం నడవగలవు, రాత్రి నిద్ర పడుతుందా అని ఆయన అడిగాడు. బాపు దేనికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. పెద్దమనిషి ఎదురుగా దగ్గడం మర్యాద కాదని దగ్గు బిగపట్టుకుని కూర్చున్నాడు. మెడ నరాలు ఉబ్బుతున్నాయి, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ దగ్గడం లేదు. నాకు లేచి ఆయన వీపు మీద చరచాలనిపించింది. అవ్వ తోమిన పళ్లెంలో చాయ్ పెట్టింది. ఆఫీసర్ ఇల్లంతా ఒకసారి కలియజూసి, చాలా బాగా ఉంచుకున్నారని హిందీలో అవ్వతో అన్నాడు. అవ్వ కొంగు నిండుగా కప్పుకుని తల ఊపింది.

వెళ్లడానికి బయటికి వచ్చాక ఆయన చూపు బండి మీద పడింది.

"వాహ్, క్యా చమక్ హై!" అన్నాడు, ఏం మెరుపు అని.

తన దగ్గరా అదే బండి ఉందట. కొన్న ఏడాదికే గొట్టం నీలం తిరిగిందట. ఎట్లా ఉంచుతున్నావని అడిగాడు. లోపల నోరు మెదపని మా బాపు అప్పుడు మాట్లాడాడు. నూలు గుడ్డ, కిరోసిన్, పళ్లపొడి, నిలబెట్టి ఇంజన్ ఆడించకపోవడం, అన్నీ వచ్చీరాని హిందీలో చెప్పుకుంటూ పోయాడు. ప్రతి మాట తర్వాత ఆగి గాలి పీల్చుకున్నాడు. ఆఫీసర్ చూస్తే ఆ ఆగడం కనపడేది. కానీ ఆయన వంగి గొట్టం చూస్తున్నాడు.

ఎవరు తోముతారు, ఈ అమ్మాయా అని నన్ను చూపిస్తూ అడిగాడు.

"మై హీ కర్తా హూఁ సాబ్" అన్నాడు బాపు. "కిసీకో హాథ్ లగానే నహీ దేతా."

నేనే చేస్తాను, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వను. ఛాతీ ముందుకు పెట్టి మరీ అన్నాడు. అవ్వ గడపలో ఖాళీ పళ్లెంతో నిలబడి ఉంది. ఆమెకు హిందీ అంతంత మాత్రం, అయినా ఆ మాట అర్థమైంది. పరాయి మగవాడి ముందు మొగుడి మాట కాదనే మనిషి కాదు ఆమె. ఆఫీసర్ శభాష్ అని బాపు భుజం తట్టాడు. గుమాస్తా వైపు తిరిగి ఏదో మరాఠీలో అన్నాడు. "హాతాత్ జోర్ ఆహే" అన్న ముక్క నా చెవిన పడింది. చేతుల్లో బలం ఉంది అని. మరాఠీ చదివినదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే. తోమింది అవ్వ అని చెబుదామని నేను గేటు దాకా పరుగెత్తేలోపు జీపు కదిలిపోయింది.

ఫలితం మాకు గని హాజరు వేసే టైం ఆఫీసు కిటికీ దగ్గర తెలిసింది. పనికి తగిన బలం ఉంది, ఉన్న డ్యూటీకి ఫిట్ అని ఆఫీసర్ చెప్పాడట. బండి మాట కూడా ఎత్తాడట. ఇంత శ్రమ సొంత చేతులతో చేసుకునేవాడు బొగ్గు ఎత్తలేడా అని.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆఫీసర్ దొరికితే జీపులోంచి కిందికి లాగాలనిపించింది. ఆ గొట్టం నీలంగానే ఉండి ఉంటే ఆయనకు మా బాపు జబ్బు తెలిసేదా? తెలిసేది కాదేమో. కిక్ కొట్టలేక ఇంజన్ ఆపని మనిషి బండి అది అని చదవడం ఆయనకు ఎవరు నేర్పారు? అయినా మా ఇంట్లో బాపు రోగానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ నీలం. దాన్ని మేమే చింతపండు పెట్టి కడిగేశాం. అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. "నా చేతులిరిగిపోను" అని తన చేతుల్ని తానే తిట్టుకుంటూ పొయ్యి ముందు కూర్చుంది.

బాపు మళ్లీ దిగాడు. ఆ ఏడాదే మామ నడుం నొప్పని మంచం పట్టి చూపించి పైన పని తెచ్చుకున్నాడు. ఆయన మాకు ముఖం చూపించడానికి సిగ్గుపడ్డాడు. కానీ వానాకాలంలో ఒకరోజు బాపు గనిలో ఏటవాలు దారి మధ్యలో పడిపోతే, పైనున్న మామే లోపలికి పరుగెత్తి, ఇంకొందరితో కలిసి మోసుకొచ్చాడు. మొదటి పనికి కోపం ఉంచుకోవాలో రెండో పనికి దండం పెట్టాలో నాకు తెలియలేదు. రెండూ చేశాను.

ఆ తర్వాత బాపు లేచి తిరగలేదు. పడుకుంటే ఊపిరి అందదని మంచం మీద దిండ్లు పేర్చి, వాటి మీదికి వంగి కూర్చునేవాడు. తినడమూ అలాగే, కునుకూ అలాగే. బయట బండి వానకు తడిసేది. అవ్వ తోమిన గీతల వెంట తుప్పు లేచి, గొట్టం మీద పూత పొట్టులా రాలుతోంది. ఎవరమూ దాని దగ్గరికి పోలేదు.

ఒక మధ్యాహ్నం వాన వెలిసింది. అవ్వ ఆయన వీపుకు ఆవనూనె రాస్తోంది. నేను మంచం కాళ్ల దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్న మాట అవ్వ అప్పుడు అడిగేసింది.

"గా దినం సాబ్ అడిగినప్పుడు నా పేరు చెప్తే ఏమయ్యేదయ్యా? ఆడది తోమిందంటే నీ మొగతనం పోతుండెనా?"

బాపు ఊపిరి కూడదీసుకునేదాకా ఆగాం.

"మొగతనం గాదే" అన్నాడు. ఆగాడు. "గిన్నేండ్ల సంది బొగ్గెత్తిన. ఎంతెత్తినా తక్కువనే అన్నరు. ఒక్కడన్న... మంచిగ చేసినవన్నడా? గా సాబ్ ఒక్కడే అన్నడు. మంచిగ చేసినవని. గంత పెద్దమనిషి, భుజం తట్టిండు. గది నాది గాదని... ఎట్ల చెప్పాలె?"

అవ్వ చెయ్యి ఆయన వీపు మీద ఆగిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నాకైతే గట్టిగా అరవాలనిపించింది, ఆ మెచ్చుకోలే కదా నిన్ను మళ్లీ లోపలికి దింపిందని. ఆ సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క మాటను వదులుకోలేకపోయాడు.

"నీదే తియ్యి" అంది అవ్వ, మళ్లీ నూనె రాస్తూ. "నేను ఊకె పైపైన రుద్దిన. తోమింది నువ్వే."

బాపు తల ఊపి, దిండు మీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.